చేయుట, చేయుటకు: ఇంగ్లీషు వ్యాకరణమున రెండు రూపములు



నేను ఇంగ్లీషు పండితుడను గాను. గురుసన్నిధిని సంస్కృత వ్యాకరణమును, బాలవ్యాకరణమును పఠించి, ముప్పదియేండ్లకు పైగా పల్లెటూరి పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. అట్టివాడు ఇంగ్లీషు వ్యాకరణమును గూర్చి ప్రసంగింప బూనుట సాహసమని మీకు తోపవచ్చును. కాని ఈ విషయమును నేను సుఖముగా నేర్చుకొనలేదు. పొరపాటు చేసి, ఆ పొరపాటుచే ఇతరునకు నష్టము కలిగించి, పిమ్మట నేర్చుకొంటిని. అట్లు నేర్చినది మరవరానిది. కావున ముందుగా ఆ సంగతి మనవి చేసికొని, తరువాత విషయమునకు వచ్చెదను.

ఇది సుమారు ఇరువదియైదేండ్ల నాటి మాట. మా పొరుగున నొక వృద్ధ కర్షకుడుండెడివాడు. ఆయన ఒక బ్యాంకునందు పంట ఋణము తీసికొని, వాయిదా చొప్పున సొమ్ము కట్టుచుండెను. ఒక వాయిదా సొమ్ము ముట్టినట్లు బ్యాంకు లెక్కలో కనబడలేదు. రసీదు చూపుదమన్న వానలకు ఇల్లు కురిసి కాగితములన్నియు ముద్దయైనవి. దూరపు నగరముననున్న పెద్ద కార్యాలయమునకు ఇంగ్లీషులో అర్జీ వ్రాయవలెనని యెవరో చెప్పగా, ఆయన నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, సొమ్ము కట్టినట్లు నాకు బాగా జ్ఞాపకమున్నది. ఆనాడు సంత. ఆ మాట వారికి తెలియజేయండి" అని అడిగెను. నేను నిఘంటువు ముందుంచుకొని, ఒక పూటయంతయు శ్రమించి అర్జీ వ్రాసితిని. అందు ప్రధానమైన వాక్యము ఇది: "హి రిమెంబర్స్ టు పే ది ఇన్‌స్టాల్‌మెంట్."

మూడు వారములకు ప్రత్యుత్తరము వచ్చినది. వాయిదా చెల్లింపవలెనను సంగతి జ్ఞాపకముంచుకొన్నందుకు సంతోషమనియు, పదునైదు దినములలో వడ్డీతో గూడ చెల్లింపవలెననియు అందుండెను. తొలకరి దగ్గర పడినది. పాత బాకీ తీరనిది కొత్త ఋణము పుట్టదు. ఆయన భార్య మెడలోని నానుత్రాడు కుదువబెట్టి, కట్టిన సొమ్మే మరల కట్టివచ్చెను.

కొన్ని దినములకు మా పాఠశాలలో ఇంగ్లీషు చెప్పు మిత్రునకు ఆ అర్జీ ప్రతిని చూపితిని. ఆయన చదివి మొదట నవ్వి, నా ముఖము చూచి నవ్వు మానెను. "అయ్యా, టు పే అని వ్రాసితిరి, పేయింగ్ అని వ్రాయవలసినది. హి రిమెంబర్స్ పేయింగ్ అన్నచో కట్టినట్లు జ్ఞాపకమని యర్థము. మీరు వ్రాసినదానికి, కట్టవలెనను సంగతి మరవడని యర్థము" అని చెప్పెను. మరల ఆయనచేతనే తేదీతో గూడ అర్జీ వ్రాయించి పంపితిమి. వారు ఆ తేదీ లెక్క వెదకగా, అదే పేరుగల మరియొకరి ఖాతాలో ఆ సొమ్ము జమపడినట్లు తేలినది. సొమ్ము తిరిగి వచ్చెను. నానుత్రాటిపై కట్టిన వడ్డీ మాత్రము రాలేదు. నేనిచ్చెదనన్నను ఆ పెద్దమనిషి పుచ్చుకొనలేదు. "మాట ఒకటే గదా పంతులుగారూ, ఎక్కడ తిరుగబడినది?" అని మాత్రమే అడిగెను. ఆనాడు నేను బదులు చెప్పలేకపోయితిని. నేటి ప్రసంగము ఆ ప్రశ్నకు బదులు.

ఇంగ్లీషున ఒక ధాతువును అసమాపకముగా ప్రయోగించుటకు రెండు ముఖ్యమైన మార్గములున్నవి. ఒకటి ధాతువు చివర "ఇంగ్" చేర్చుట: గోయింగ్, పేయింగ్, ఈటింగ్. ఇట్టి రూపము నామముగా నిలిచినప్పుడు దానికి జెరండ్ అని పేరు. రెండవది ధాతువునకు ముందు "టు" చేర్చుట: టు గో, టు పే, టు ఈట్. దీనికి ఇన్ఫినిటివ్ అని పేరు. రెండు పేర్లును లాటిను భాషనుండి వచ్చినవే. జెరండ్ అనుదానికి మూలమైన ధాతువునకు నిర్వహించుట, జరుపుట అని అర్థము. ఇన్ఫినిటివ్ అనగా హద్దు లేనిది. "గోస్" అన్నంతనే పోవువాడొక్కడనియు, అతడు ప్రథమపురుషమనియు తెలియును. "టు గో" అన్నచో పోవువారెవరో, ఎందరో తెలియదు. పురుషవచనముల హద్దు లేనిది గనుక దానికా పేరు వచ్చినది.

ఇచ్చట నన్ను తప్పుదారి పట్టించినది నా చదువే. అమెరికా పండితుడు విట్నీ 1879లో ప్రకటించిన సంస్కృత వ్యాకరణమున గత్వా, కృత్వా వంటి క్త్వాంతరూపములకు జెరండ్ అని పేరు పెట్టెను. ఆ పేరు నాకు మున్నే పరిచితమగుటచే, ఇంగ్లీషు జెరండ్ గూడ మన క్త్వార్థకమే యనుకొంటిని. అనగా "పేయింగ్" అన్నచో "చెల్లించి" యని నా భ్రాంతి. "చెల్లించి జ్ఞాపకమున్నది" అన్న వాక్యము కుదరదు గదా! అందుచే "పేయింగ్" ను విడిచి "టు పే" ను పట్టుకొంటిని. పేరొకటియైనంత మాత్రమున వస్తువొకటి కాదు. ఇంగ్లీషు జెరండ్‌నకు మన భాషలో సరియైన జోడు "చెల్లించి" గాదు, "చెల్లించుట". సంస్కృతమున దానం, గమనం, పఠనం అను భావార్థక కృదంతములే దానికి చుట్టములు.

మరి "టు పే" కు జోడేది? సంస్కృతమున తుమున్నంతము: దాతుం, గంతుం, పఠితుం. తెలుగున "చెల్లించుటకు", "పోవుటకు". ఈ పోలిక కేవలము నా ఊహ గాదు, ఇంగ్లీషు భాషాచరిత్రయే దీనికి సాక్షి. సుమారు వేయేండ్ల క్రిందటి ఇంగ్లీషులో ఈ "టు" అనునది క్రియకు అంటిపెట్టుకొన్న గుర్తు గాదు. వైపునకు, కొరకు అను అర్థములిచ్చు విభక్తివంటి మాట. దాని తరువాత ధాతువునుండి పుట్టిన నామము చతుర్థీ విభక్తిరూపమున నిలిచెడిది. కాలక్రమమున ఆ చివరి ప్రత్యయము అరిగిపోయి "టు" మాత్రము మిగిలినది. కావున "టు పే" అనగా "చెల్లించుట వైపునకు" అని మొదటి యర్థము. మన "చెల్లించుటకు" అనుమాటలో చివరనున్న "కు" చేయుపనియు ఇదియే. వారు ముందు పెట్టిరి, మనము వెనుక పెట్టితిమి.

ఇప్పుడు మర్మమునకు వచ్చుచున్నాను. దయచేసి వినుడు.

మన శాబ్దికులు క్రియను రెండవస్థలలో చూచిరి. ఒకటి సాధ్యావస్థ, రెండవది సిద్ధావస్థ. ఇంకను చేయవలసియున్న పనిగా తలచినది సాధ్యము. చేయబడినదో, చేయబడుచున్నదో, ఒక వస్తువువలె మన యెదుట నిలిచినట్లు తలచినది సిద్ధము. కృత్ప్రత్యయముచే చెప్పబడిన భావము ద్రవ్యమువలె భాసించునని మహాభాష్యకారుడైన పతంజలి యభిప్రాయము. పొలము దున్నుటకు నాగలి భుజమున వేసికొని పోవువాని మనస్సులో దున్నుట సాధ్యము. సాయంకాలము గట్టుపై నిలిచి దున్నిన చేను చూచువానికి అది సిద్ధము. పని యొకటే, దానిని చూచు చూపు వేరు.

ఇంగ్లీషునందు "టు" సాధ్యమును చూపును, "ఇంగ్" సిద్ధమును చూపును. ఈ యొక్క సూత్రము చేతబట్టుకొన్నచో చిక్కులు చాలవరకు వాటంతట అవే విడిపోవును.

పరీక్షింతము. "రిమెంబర్ టు పే": చెల్లించుట ముందున్నది, దానిని మరువకుండుట. "రిమెంబర్ పేయింగ్": చెల్లించుట వెనుకనున్నది, దానిని తలంపునకు తెచ్చుకొనుట. "ఫర్గెట్" అను ధాతువునకును ఇదే తీరు. "ఐ ఫర్గాట్ టు లాక్ ది డోర్" అన్నచో తలుపు తాళము వేయుట మరచితిని, తాళము పడలేదు. "ఐ షల్ నెవర్ ఫర్గెట్ సీయింగ్ కాశీ" అన్నచో కాశీని చూచితిని, ఆ చూచుట మరవరానిది.

"స్టాప్" అను ధాతువును చూడుడు. చుట్ట కాల్చువాడొకడు వైద్యునియొద్దకు పోయి "ఐ స్టాప్డ్ స్మోకింగ్" అన్నచో చుట్ట మానితినని చెప్పినట్లు, వైద్యుడు సంతసించును. "ఐ స్టాప్డ్ టు స్మోక్" అన్నచో దారిలో చుట్ట కాల్చుటకు ఆగితినని చెప్పినట్లు. ఇది తుమున్నునకు పాణిని చెప్పిన మొదటి తావే. ఒక క్రియ మరియొక క్రియ కొరకైనపుడు ఆ రెండవదానిపై తుమున్ వచ్చునని ఆయన నియమము. ఆగుట కాల్చుట కొరకు గనుక "టు".

ఊళ్లకు వచ్చు ఉత్తరములలో తరచు కనబడునది మరియొకటి గలదు: "వి రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యు." మీకిది తెలుపుటకు చింతించుచున్నామని యర్థము. అది చదువునప్పటికి చెప్పబోవు చెడువార్త యింకను ముందున్నది. "వి రిగ్రెట్ ఇన్ఫార్మింగ్ యు" అన్నచో, మీకు తెలిపి తప్పు చేసితిమని పశ్చాత్తాపపడుట యగును. మొదటిదానికి మనము విచారింపవలెను, రెండవదానికి వారు.

ఇక ఏ ధాతువు తరువాత ఏది రావలెనను ప్రశ్న. పిల్లలు దీనిని పట్టికలుగా వల్లెవేయుచుందురు. సూత్రము తెలిసిన వల్లె తేలికయగును. వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్, ఎగ్రీ, రెఫ్యూజ్: ఇవి కోరుట, ఆశించుట, నిశ్చయించుట, మాట యిచ్చుట, ఒప్పుకొనుట, నిరాకరించుట. వీని చూపు జరుగవలసినదానిపై నుండును. కావున "టు". ఎంజాయ్, ఫినిష్, గివ్ అప్, డినై: ఇవి ఆనందించుట, ముగించుట, మానివేయుట, చేయలేదనుట. లేని పనిని ముగింపలేము, ఎరుగని యలవాటును మానలేము. పని యెదుట నుండవలెను. కావున "ఇంగ్". బిగిన్, స్టార్ట్, లైక్ వంటివి రెండింటినిని అంగీకరించును; అర్థభేదము స్వల్పము.

అన్నియు సూత్రమునకు లొంగునని చెప్పి మిమ్ము మోసగింపను. "సజెస్ట్" అనగా సలహా యిచ్చుట. సలహా ముందు జరుగవలసినదానిని గూర్చియే యైనను దాని తరువాత "ఇంగ్" వచ్చును: "హి సజెస్టెడ్ గోయింగ్." "మేనేజ్" అనగా ఎట్లో నెరవేర్చుట. పని నెరవేరినను "టు" వచ్చును: "హి మేనేజ్డ్ టు గో." లోకవ్యవహారమునకు వ్యాకరణము తల వంచవలసిన చోట్లు ఏ భాషలోనైనను ఉండును. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి "బహుళము" అను మాటను ఎంత తరచు వాడెనో చదివినవారెరుగుదురు. ఇంగ్లీషువారికిని బహుళము కలదనుకొని ఆ నాలుగు మాటలను కంఠస్థము చేయుటయే మార్గము.

సూత్రమునకు సంపూర్ణముగా లోబడు తావు మరియొకటి గలదు. ఇంగ్లీషున ఆఫ్, ఇన్, ఎట్, ఫర్, బై, వితౌట్ మొదలగు మాటలు మన విభక్తుల పని చేయును. విభక్తి నామమునకే గాని క్రియకు చేరదు. "చేసెను వలన" అని ఎవరును అనరు, "చేయుట వలన" అందురు. ఇంగ్లీషునందును అంతే. విభక్తివంటి మాట వచ్చెనా, తరువాతి ధాతువు నామరూపము దాల్చి "ఇంగ్" తో నిలువవలసినదే: "బై వర్కింగ్", పని చేయుటచేత, "వితౌట్ ఈటింగ్", తినకుండ. ఇచ్చటనే చదువుకొన్నవారును జారిపడు తావున్నది. ఉత్తరము చివర "ఐ లుక్ ఫార్వర్డ్ టు సీ యు" అని వ్రాయుదురు. అది తప్పు. ఈ "టు" తుమున్నునకు గుర్తు గాదు, అచ్చమైన విభక్తి. "లుక్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్" అన్నట్లు దాని తరువాత నామమే రావలెను. కావున "టు సీయింగ్ యు". పరీక్ష సులభము: "టు" తరువాత "ఉత్తరము" వంటి నామమొకటి పెట్టి చూడవలెను. కుదిరినచో "ఇంగ్", కుదరనిచో ధాతువు.

"టు" లేని ఇన్ఫినిటివ్ గూడ కలదు. "హి మస్ట్ డూ", "హి కెన్ డూ", "లెట్ హిమ్ గో". ఇచ్చట "టు" ఏమైనదని పిల్లలడుగుదురు. తెలుగు వ్యాకరణము చదివిన పెద్దలు దీనికి చక్కని సమాధానము చెప్పగలరు. మన తుమర్థకమునకు "చేయుటకు" అను రూపమే గాక, "అన్" అంతమందుగల పొట్టిరూపముండెను గదా! చేయన్ వలెను, చేయవలెను. చేయన్ కలడు, చేయగలడు. పోన్ ఇమ్ము, పోనిమ్ము. "చేయుటకు వలెను" అని ఎవరైన అందురా? సరిగా ఆ తావులలోనే ఇంగ్లీషును "టు" ను విడిచినది. మస్ట్ అనగా వలెను, కెన్ అనగా కలడు, లెట్ అనగా ఇమ్ము. రెండు భాషలకు చుట్టరికము లేకపోయినను పొందిక యెంత చక్కగానున్నదో చూడుడు.

కర్తను గూర్చి రెండు మాటలు. సంస్కృతమున కోరికను చెప్పు ధాతువులతో తుమున్ రావలెనన్న, కోరువాడును చేయువాడును ఒక్కడే కావలెను. "నేను పోవ గోరుచున్నాను" అనుటకు తుమున్ చెల్లును. "వాడు పోవలెనని కోరుచున్నాను" అనుటకు చెల్లదు. ఇంగ్లీషున ఈ నిర్బంధము లేదు. "ఐ వాంట్ టు గో" అనవచ్చును. "ఐ వాంట్ హిమ్ టు గో" అనియు అనవచ్చును. నేను తెలియక "ఐ వాంట్ దట్ హి షుడ్ గో" అని చిరకాలము వ్రాసితిని. అది తెలుగు నోటి ఇంగ్లీషు. జెరండ్‌నకైనచో కర్త షష్ఠీ విభక్తిలో నిలుచుట మర్యాద: "హిస్ కమింగ్", వాని రాక. సంస్కృతమున "తస్య ఆగమనం" అనుటయు ఇట్టిదే.

చివరగా ఒక హెచ్చరిక. "ఇంగ్" అని కనబడినదెల్ల జెరండ్ గాదు. "చేయుట", "చేయుచున్న" అను రెండర్థములకును పూర్వము వేరువేరు ప్రత్యయములుండగా, కాలక్రమమున రెండును "ఇంగ్" లో కలిసిపోయినవి. "రన్నింగ్ వాటర్" అనగా పారు నీరు; నీరే పారును. "డ్రింకింగ్ వాటర్" అనగా త్రాగు నీరు; నీరు త్రాగదు, త్రాగుటకు తగిన నీరని యర్థము. మొదటిది విశేషణము, రెండవది జెరండ్. వింతయేమనగా, మన తెలుగునందును పారునీరు, త్రాగునీరు ఒకే తీరున నున్నవి. విగ్రహవాక్యము చెప్పుకొన్ననే గాని భేదము తేలదు. "స్లీపింగ్ చైల్డ్", "స్లీపింగ్ బెర్త్" అను మాటలను మీ మనుమలకిచ్చి విగ్రహము చెప్పుమనుడు. నిద్రించు బిడ్డ కలడు గాని, నిద్రించు బల్ల లేదని వారే నవ్వి చెప్పుదురు.

పెద్దలారా, నేడు ప్రతి యింట పిల్లలు ఇంగ్లీషు చదువుచున్నారు. ఆ పుస్తకము తెరచినంతనే, ఇది మనకు తెలియనిదని మనము అరుగుమీదికి లేచిపోవుచున్నాము. అట్లు లేవనక్కరలేదు. పిల్లవాడు "టు" వ్రాయవలెనో "ఇంగ్" వ్రాయవలెనో తోపక కలము నిలిపినపుడు, ఆ వాక్యమును తెలుగున చెప్పుమనుడు. "చేయవలెనని" అన్నచో పని ముందున్నది. "చేసినట్లు" అన్నచో పని వెనుకనున్నది. ముందున్నదానికి "టు", వెనుకనున్నదానికిని ఎదుటనున్నదానికిని "ఇంగ్". పదింట ఎనిమిదింటికి ఇది చాలును. తక్కిన రెంటికి నిఘంటువు కలదు.

ఆనాడు నాయింట కూర్చుండి ఆ వృద్ధుడు "కట్టినట్లు" అని స్పష్టముగా చెప్పెను. తిరుగబడిన చోటు ఆయన మాటలో లేదు. ఆ "ఇనట్లు" అను ప్రత్యయమును నేను శ్రద్ధగా వినియుండినచో, ఆ యిల్లాలి నానుత్రాడు మెడలోనే యుండెడిది. మన భాషను శ్రద్ధగా వినుటయే పరభాషకు మొదటి పాఠమని నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. మీరు మీ మనుమలకు ముందుగానే నేర్పుదురు గాక.

సెలవు.